గృహవిజ్ఞానము: కెంపులోని నిప్పు, గడియారములోని వెన్నెల

ఈ మాసమున నాకు చేరిన లేఖలలో ఒక సోదరి వ్రాసినది తక్కినవానికంటె ముందుగా సమాధానమును కోరుచున్నది. ఏలయన అది కేవలము కుతూహలముచే వ్రాసినది కాదు. ఒక యింట ఇరువురు అక్కచెల్లెండ్ర నడుమ మాటలు నిలిచిపోవుటకు కారణమైన విషయమది.

వారి తల్లిగారు గతించిన పిదప కెంపుల కమ్మలు పెద్దకూతునకును, కెంపుల పతకము చిన్నకూతునకును వచ్చినవట. ఇంట పెండ్లి తలపెట్టి, ఆ నగలకు మెఱుగు పెట్టించుటకై దుకాణమునకు గొనిపోగా, అచ్చటివారు వానిపై ఊదారంగు దీపమొకటి పట్టిరి. చీకటిలో కమ్మల రాళ్లు కణకణలాడు నిప్పులవలె ఎఱ్ఱగా వెలిగినవి. పతకములోని రాళ్లు మాత్రము నల్లగానే యుండిపోయినవి. వెలిగినవి అసలు కెంపులనియు, వెలుగనివి గాజుముక్కలనియు చూచినవారెల్లరును తీర్మానించిరి. తల్లి తనకు గాజు పెట్టినదాయని చెల్లెలికి దుఃఖము. తాను రాళ్లు మార్పించితినని చెల్లెలు శంకించుచున్నదాయని అక్కకు కోపము.

ఆ లేఖ చివర మఱి రెండు ప్రశ్నలు గలవు. మామగారి కాలపు రేడియము గడియారమొకటి వారి యింట నున్నది. పూర్వము రాత్రులందు దాని అంకెలు పచ్చగా వెలుగుచుండెడివి. ఇప్పుడు వెలుగుట లేదు. వెలుగు పోయినది గనుక దానిని పిల్లల కాడుకొన నీయవచ్చునా? పిల్లల గది పైకప్పున నంటించిన నక్షత్రపు బిళ్లలు మాత్రము తెల్లవారువఱకు మినుకుమినుకు మనుచున్నవి. వానివలన పిల్లలకు హాని గలుగునా?

కెంపులకును, గడియారమునకును, నక్షత్రములకును సంబంధమేమని మీరనుకొనవచ్చును. మూడింటికిని మూలమొక్కటియే. ఇట్టి రాయి వెలుగునప్పుడు, ఆ వెలుగు సాధారణముగా రాతిది కాదు. దానిలో చిటికెడుకంటెను తక్కువగా జేరిన పరాయిలోహముది. ఆ లోహమేదియో, దాని కూడనున్న తోడెట్టిదో, దానికి శక్తి నిచ్చుచున్నదేమియో తెలియక, వెలుగును మాత్రమే చూచి మంచిచెడ్డలు నిర్ణయించుట పొరపాటు.

మొదట ఈ వెలుగెట్టిదో తెలిసికొందము. పొయ్యిలోని నిప్పు, ప్రమిదలోని వత్తి, పాతకాలపు విద్యుద్దీపములోని తీగ, ఇవి వేడెక్కుటచే వెలుగును. మనము చెప్పుకొనుచున్నది చల్లని వెలుగు. స్ఫటికము ఒక విధమైన కిరణములను గ్రహించి, మఱియొక రంగు కాంతిగా వెలువరించును. దుకాణములోని ఊదాదీపమునుండి మన కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు వెలువడును. వానిలో శక్తి మెండు. రాయి ఆ శక్తిని బుచ్చుకొని, కొంత వేడిగా పోగొట్టుకొని, మిగిలినదానిని ఎఱ్ఱనిదో పచ్చనిదో అగు వెలుగుగా తిరిగి యిచ్చును. కొన్ని రాళ్లు బుచ్చుకొన్న క్షణముననే యిచ్చివేయును. కొన్ని దాచుకొని మెల్లమెల్లగా నిచ్చును.

ఈ వింత మానవుల కంటబడి నాలుగు వందల యేండ్లు దాటినది. 1603వ సంవత్సర ప్రాంతమున ఇటలీ దేశమున బొలోన్యా నగరమున విన్సెంజో కాషియరోలో యను చెప్పులు కుట్టువా డొకడు రసవాదముపై మక్కువతో, దగ్గఱి కొండపై దొరకిన బరువైన రాతిని బొగ్గుతో కలిపి కాల్చెను. బంగారము రాలేదు గాని, ఎండలో పెట్టిన ఆ రాయి చీకటిలో నిప్పుకణికవలె వెలుగసాగెను. ఆ వెలుగునకు కారణము చిరకాలము తెలియదాయెను. 2012లో ప్రకటితమైన పరిశోధన మొకటి, ఆ రాతిలో లేశమాత్రముగా నున్న రాగియే దానికి హేతువని తేల్చెను.

లేశమాత్రపు లోహము లేనిదే వెలుగు లేదను సంగతిని 1886లో తేటతెల్లముచేసినవారు ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఆగస్టు వెర్నాయి. సున్నమునుండి వచ్చు కాల్సియమును గంధకముతో కలిపి చేయు పదార్థము చీకటిలో వెలుగునని అందఱు నెఱుగుదురు. ఆయన దానిని మిక్కిలి శుద్ధముగా చేసి చూడగా అది వెలుగకపోయెను! బిస్మతను లోహమును లేశము చేర్చగానే వెలిగెను. శుద్ధి చేసినకొలది ప్రకాశము హెచ్చునని మనమెంచుదుము. ఇచ్చట శుద్ధమైనది చీకటి, కలిసినది వెలుగు! ఈ వెర్నాయి పేరును మీరు గుర్తుంచుకొనుడు. మన సోదరీమణుల కమ్మల ముచ్చటలో ఆయన తిరిగి వచ్చును.

లోహము స్ఫటికములో నెట్లుండును? మనము ముగ్గు పెట్టునప్పుడు చుక్కలను సమదూరమున వరుసలుగా నుంచుదుము గదా! స్ఫటికములో పరమాణువులు అట్లే వరుసలు దీరియుండును. నేలమీద మాత్రమే గాక, అంతస్తులమీద అంతస్తులుగా. అట్టి చుక్కలలో నూటికో వేయికో ఒకదానిని తీసి, ఆ తావున వేఱొక లోహపు చుక్కను పెట్టినట్లు ఊహింపుడు. ఇరుగుపొరుగులు దానిని నొక్కి పట్టియుంచును. ఆ ఒత్తిడినిబట్టి, అది యే కిరణములను గ్రహించునో, ఏ రంగును తిరిగి యిచ్చునో నిర్ణయమగును. పులుసులో ఇంగువ వంటిది ఈ లోహము. పాలు చిటికెడే, గుణము కుండంతటికిని.

కెంపు సంగతి చూడుడు. కురువిందమను రాయి అల్యూమినియమును, ప్రాణవాయువును కలిసి యేర్పడినది. శుద్ధముగా నున్నయెడల అది పటికబెల్లమువలె రంగు లేనిదై యుండును. దానిలో కొన్ని అల్యూమినియపు తావులలో క్రోమియము ప్రవేశించినయెడల అది కెంపగును. ఆ క్రోమియము నూఱు పాళ్లలో ఒక పాలు, తఱచుగా అంతకంటెను తక్కువ. అది ఊదా, నీలము, పసుపుపచ్చ కాంతులను మ్రింగి ఎఱుపును విడుచును; అంతియే కాదు, మ్రింగిన శక్తిలో కొంతను తానే ఎఱ్ఱని వెలుగుగా వెలువరించును. మేలిజాతి కెంపు పగటి వెలుతురులో సయితము లోపల నిప్పున్నట్లు కనబడుట కిది యొక కారణము. 1960లో అమెరికాలో థియొడోర్ మైమను మొట్టమొదటి లేసరు కిరణమును పుట్టించినది ఈ కెంపులోని క్రోమియపు వెలుగుతోడనే.

ఇదే క్రోమియము బెరిలను మఱియొక రాతిలో జేరినయెడల ఆ రాయి మన పచ్చ యగును. అచ్చటి ఇరుగుపొరుగుల ఒత్తిడి కొంచెము తక్కువ; అంతమాత్రముననే ఎఱుపు పోయి పచ్చదనము వచ్చినది. పుట్టినింట నొక తీరున, మెట్టినింట వేఱొక తీరున మెలగు ఆడుబిడ్డను చూచిన మనకు దీనిలో నాశ్చర్యమేమున్నది!

ఇక రెండు నియమములు. మొదటిది: మితము. క్రోమియము కొంచెము మంచిదైనప్పుడు ఎక్కువ మఱింత మంచిది గదాయని తలపరాదు. దాని అణువులు ఒండొంటికి మిక్కిలి దగ్గఱగా జేరినయెడల, ఒకటి పట్టిన శక్తిని పొరుగుదానికిచ్చును, అది వేఱొకదానికిచ్చును. నూతినుండి చేతులు మార్చుకొనుచు తెచ్చిన బిందె ఇల్లు చేరునప్పటికి ఖాళీయైనట్లు, ఆ శక్తి దారిలోనే వేడియై పోవును. రెండవది: సహవాసము. ఇనుము అదే రాతిలో జేరెనా, క్రోమియము పట్టిన శక్తిని తాను లాగుకొని వెలుగును చంపివేయును. కడివెడు పాలకు ఒక్క విషపుబొట్టు చాలునని పెద్దలనుట యిట్టిదే. ఇనుము, నికెలు, కోబాల్టు, ఈ మూడింటిని పెక్కు వెలుగురాళ్లకు హంతకులని శాస్త్రజ్ఞులు పిలుతురు.

ఇప్పుడు అక్కచెల్లెండ్ర నగలకు వత్తము. బర్మా దేశమున మొగోకు ప్రాంతపు కెంపులు పాలఱాతిలో పుట్టినవి. వానిలో ఇనుము తక్కువ. ఊదాదీపము క్రింద అవి బాగుగా వెలుగును. థాయిలాండు గనుల కెంపులలో ఇనుమెక్కువ. అవి అసలైన కెంపులేయైనను మసకగా వెలుగును, లేదా అసలే వెలుగవు. కావున పతకపు రాళ్లు వెలుగనంత మాత్రమున గాజని చెప్పుట కవకాశము లేదు. గాజు కావచ్చును, ఇనుపపాలు హెచ్చుగా నున్న కెంపు కావచ్చును, కెంపురంగు గల వేఱొక జాతి రాయియు కావచ్చును.

వెలిగిన కమ్మల మాటయేమి? ఇచ్చటనే వెర్నాయిగారు తిరిగి వత్తురు. ఆయన 1902లో అల్యూమినియపు భస్మమును, క్రోమియమును జ్వాలలో కరగించి చేతితో కెంపులు చేయు పద్ధతిని ప్రకటించెను. అవి గాజు కావు; గుణమున, కాఠిన్యమున కెంపులే. కాని భూగర్భమున గాక పొయ్యిలో పుట్టినవి గనుక వెల బహుస్వల్పము. వానిలో ఇనుము కలియనీయరు. అందుచే అవి ఊదాదీపము క్రింద గనిలో పుట్టిన కెంపులకంటెను జాజ్వల్యమానముగా వెలుగును! నూఱేండ్లకు పైబడి ఇట్టి రాళ్లు అంగళ్లలో నున్నవి. కావున అమ్మమ్మ నాటి నగయను మాటయు రాతికి సాక్ష్యము కాజాలదు. ఎఱ్ఱగా వెలుగు రాళ్లలో కెంపు కాని స్పినెలను రాయియు నొకటి కలదు.

కాబట్టి దీపము చెప్పిన సాక్ష్యమింతియే: కమ్మలలో క్రోమియమున్నది, ఇనుము తక్కువ, పతకమున అట్లు లేదు. ఏది గనిలోనిది, ఏది పొయ్యిలోనిది, ఏది విలువగలది అన్న విషయమును దీపము చెప్పనేలేదు, చూచినవారు చెప్పిరి. నిజము తెలియవలెనన్న రత్నపరీక్షాలయమున సూక్ష్మదర్శినితో చూపింపవలెను. పొయ్యిలో పుట్టిన రాతిలో వంపు దిరిగిన గీతలును, గాలిబుడగలును కనబడును. గనిలో పుట్టినదానిలో పెరుగుదల గీతలు తిన్నగా నుండును. పట్టుపోగులవంటి సన్నని సూదులు తఱచుగా కానవచ్చును. నగపై వేయు హాల్‌మార్కు ముద్ర బంగారపు మేలిమినే తెలుపును గాని రాళ్ల జాతిని తెలుపదని కూడ మఱవకుడు. ఊదాదీపమును కన్నులార చూడరాదు, పిల్లలచేతి కీయరాదు.

ఆ సోదరికి నా మనవి యిది: రెండు నగలను ఒకే దినమున, అక్కచెల్లెండ్రిరువురు కలిసి వెళ్లి పరీక్ష చేయించుకొనుడు. ఫలిత మేదైనను మీ తల్లిగారికి రాళ్ల క్రోమియమును, ఇనుమును తూచి పంచు సాధనము లేదు. తాను నమ్మినదానిని ఇరువురకును పెట్టినది.

ఇక గడియారము. ఇది కెంపుకంటె గంభీరమైన విషయము గనుక శ్రద్ధగా చదువుడు. తుత్తునాగమును గంధకముతో కలిపి చేయు పదార్థమున్నది. దానిలో పదివేల పాళ్లకు ఒక పాలు వంతున రాగి చేర్చిన పచ్చని వెలుగు, వెండి చేర్చిన నీలి వెలుగు, మాంగనీసు చేర్చిన నారింజ వెలుగు వచ్చును. వెలుతురులో నుంచి తీసిన పిదప ఇది కొంతసేపే వెలుగును. రాత్రియంతయు వెలుగవలెనన్న శక్తి నిచ్చునది నిత్యము దగ్గఱ నుండవలెను. అందులకై రేడియమును కలిపిరి. రేడియము విడుచు కణములు తగిలినప్పుడెల్ల ఆ పొడి మిణుకుమని వెలుగును. ఇట్లు గడియారపు అంకెలు వెలిగినవి. వెలిగినది రేడియము కాదు, రాగి కలిసిన పొడి. రేడియము కొట్టుచుండెను, పొడి వెలుగుచుండెను.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఆరెంజి పట్టణమున 1917 నుండి పడుచుపిల్లలు ఈ రంగును గడియారములపై పూయు పనికి కుదిరిరి. కుంచెమొన సన్నముగా నుండుటకై దానిని పెదవుల నడుమ నుంచి కూర్పుమని వారికి నేర్పిరి. హాని లేదనియు చెప్పిరి. రాత్రి యింటికి పోవునప్పుడు జుట్టు, బట్టలు వెలుగుచుండగా ఆ పిల్లలు మురిసిపోయెడివారు. రేడియము గుణమున సున్నపులోహమునకు చుట్టము గనుక శరీరము దానిని ఎముకలలో నిలువచేసికొనును. కొన్నియేండ్లకు దంతములు రాలినవి, దవడయెముకలు చీకినవి, పలువురు ప్రాణములు గోల్పోయిరి. గ్రేసు ఫ్రైయరను నామెయు, మఱి నలువురు స్త్రీలును 1927లో తమ కంపెనీపై వ్యాజ్యము వేసిరి. న్యాయస్థానమునకు వచ్చునప్పటికి వారిలో కొందఱు ప్రమాణము చేయుటకు చేయి యెత్తలేని స్థితిలో నుండిరి. 1928లో కంపెనీవారు పరిహారమిచ్చుట కొడంబడిరి. ఆ స్త్రీల పోరాటము పనివారి రక్షణకై తరువాత వచ్చిన నియమములకు పునాదులలో నొకటి యయ్యెను.

మామగారి గడియారము ఇప్పుడేల వెలుగదు? రేడియము అయిపోవుటచే కాదు. రేడియము సగము తరుగుటకే పదునాఱువందల యేండ్లు పట్టును. ఆ కణముల దెబ్బలకు వెలుగుపొడిలోని స్ఫటికపు వరుసలు చెదరి, శక్తిని వెలుగుగా మార్చు నేర్పు నశించినది. అనగా ఆరిపోయినది దీపము మాత్రమే. విషము అట్లే యున్నది. కావున దానిని పిల్లల కీయరాదు. అద్దము విప్పరాదు, అంకెలను గీకరాదు, పడకగదిలో నుంచరాదు. అద్దము పగిలియున్నచో చేతితో ముట్టక మూటగట్టి వేఱుగా నుంచి, అణుశక్తి నియంత్రణ మండలివారికి వ్రాసి వారి సలహా పొందుట మేలు. చెత్తలో పాఱవేయరాదు. రేడియపు రంగును 1960 తరువాత క్రమముగా మానిరి గనుక ఈ భయము పాత గడియారములకే.

పైకప్పు నక్షత్రముల కథ వేఱు. వెలుగు బిళ్లలనే కాక, బండ్లకంటించు మెఱపు కాగితములను గూడ మనవారు రేడియమని పిలుచుచున్నారు. అది పేరు మాత్రమే, వానిలో రేడియము లేదు. రాత్రియంతయు వెలుగు నేటి బిళ్లలలో స్ట్రాంషియము, అల్యూమినియములతో చేసిన స్ఫటికమున యూరోపియము, డిస్ప్రోసియము అను రెండు లోహములు లేశముగా నుండును. దీనిని 1993లో జపానుదేశపు నెమొటో కంపెనీవారు కనిపెట్టిరి. ఇంట కొడలు వడ్డించుచుండగా అత్తగారు గాదె తాళము చేతబట్టుకొని కొంచెము కొంచెముగా ధాన్యము తీసి యిచ్చినట్లు, వెలుగు నిచ్చునది యూరోపియము. పగటి శక్తిని దాచి మెల్లగా విడుచుటకు సాయపడునది డిస్ప్రోసియము. పిల్లలు నోట బెట్టుకొని మ్రింగకుండ చూచుకొన్న చాలును; వెలుగువలన హాని లేదు.

నేడు మన వంటయిండ్లలోని తెల్లని ఎల్‌.ఇ.డి. దీపములును ఈ కుటుంబములోనివే. దానిలో పుట్టునది నీలికాంతి. నీలిదీపమును సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురకు 2014లో నోబెలు బహుమానము లభించెను. దానిపైనుండు పసుపుపొర సీరియమను లోహము లేశము కలిసిన స్ఫటికపు పొడి. అది నీలిలో కొంత గ్రహించి పసుపుకాంతి నిచ్చును. రెండును కలిసి తెలుపగును. మీ ఫోనులోని దీపమును ఆర్పి చూచినయెడల ఆ పసుపుచుక్క కనబడును.

చివరగా ఒక్కమాట. ఆసుపత్రులలో ఎక్సురే గదులలో పనిచేయు మన యాడువారి వక్షమున చిన్న బిళ్ల యొకటి తగిలించియుండుట మీరు చూచియుందురు. మన దేశమున ఆ బిళ్లలో నుండునది డిస్ప్రోసియము లేశము కలిసిన ఒక కాల్సియపు లవణము. అది వెలుగదు, తనపై బడిన కిరణముల లెక్కను మౌనముగా దాచుకొనును. నియమిత కాలమునకు పరీక్షాలయమున దానిని వేడిచేయగా, దాచినదానిని వెలుగుగా వెలిగ్రక్కును. ఆ వెలుగును కొలిచి, ఆ సోదరికి సోకిన కిరణమెంతయో, ఆమె యికను ఆ పనిలో నుండవచ్చునో లేదో నిర్ణయింతురు. న్యూజెర్సీ పిల్లల పెదవులపై వెలిగినది వారిని మోసగించినది; ఈ బిళ్లలో వెలుగునది నిజము చెప్పి కాపాడుచున్నది. రెండిటను లేశమాత్రపు లోహమే వెలిగినది. వెలుగు మనకు శత్రువును కాదు, సాక్షియు కాదు. దాని వెనుకనున్న దేదియో విచారించినవారికి మాత్రమే అది ఉపకరించును.